క్లోమ క్యాన్సర్: సర్జరీ తర్వాతి చికిత్సను పరీక్షించే ట్రయల్ ఎలా నడపాలి

క్లోమ గ్రంథి (పాంక్రియాస్) క్యాన్సర్‌కు కత్తి ఒక్కటే చాలదు. 2007లో వెలువడిన కాంకో-001 ట్రయల్‌లో, ఆపరేషన్ తర్వాత ఏ మందూ ఇవ్వనివారిలో జబ్బు తిరగబెట్టకుండా గడిచిన మధ్యస్థ కాలం 6.9 నెలలే. జెమ్‌సైటబిన్ అనే కీమో మందు ఇచ్చినవారిలో అది 13.4 నెలలు. కాబట్టి కీమో ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. ఏ కీమో, ఎవరికి, ఎప్పుడు అన్నవే మిగిలాయి. ఈ ప్రశ్నలకు ట్రయల్ కట్టేవాళ్లు మందు ఎంచుకోవడానికి ముందే ఒక విషయం తేల్చుకోవాలి: రాండమైజేషన్ (ఏ రోగికి ఏ చికిత్సో చీటీ తీసినట్టు నిర్ణయించడం) సర్జరీకి ముందా, తర్వాతా?

గడియారం ఎక్కడ మొదలవుతుంది

2018లో వచ్చిన ప్రోడీజ్ 24 ట్రయల్‌నే తీసుకోండి. మాడిఫైడ్ ఫోల్ఫిరినాక్స్ (పలు కీమో మందుల కలయిక) తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 54.4 నెలలు, జెమ్‌సైటబిన్ వారిది 35 నెలలు. గొప్ప ఫలితమే. అయితే అందులో చేరినవాళ్లంతా సర్జరీ అయి 3 నుంచి 12 వారాలు గడిచినవాళ్లు, లేచి తిరగగలిగేవాళ్లు, రక్తంలో క్యాన్సర్ మార్కర్ సీఏ 19-9 విలువ 180 దాటనివాళ్లు. ఆపరేషన్‌లో పొట్ట తెరిచాక కణితి తీయలేమని తేలినవారు, కోసిన చోటి నుంచి క్లోమ రసం లీకై నెలల తరబడి మంచం పట్టినవారు, సర్జరీ తర్వాతి తొలి స్కాన్‌లోనే కాలేయంలో మచ్చలు కనిపించినవారు ఆ లెక్కలోకి రానే రారు. సర్జరీకి ముందే రాండమైజ్ చేసి, ముందు కీమో-రేడియేషన్ ఇవ్వడాన్ని నేరుగా ఆపరేషన్ చేయడంతో పోల్చిన ప్రీఒపాంక్ ట్రయల్‌లో వాళ్లందరూ ఉంటారు. కొంత అందువల్లే అక్కడ మధ్యస్థ ఆయుష్షు రెండు గ్రూపుల్లోనూ 16 నెలల లోపే. ఈ రెండు ట్రయల్స్ అంకెలను పక్కపక్కన పెట్టి ఏ చికిత్స మేలో చెప్పడం పెద్ద తప్పు.

మీ ప్రశ్న మందు గురించైతే సర్జరీ తర్వాత రాండమైజ్ చేయండి. చికిత్సల వరుస గురించైతే, అంటే ముందు కీమోనా ముందు కత్తా అని అడుగుతుంటే, తప్పకుండా సర్జరీకి ముందే చేయాలి. ఏ పద్ధతి అయినా, ఆపరేషన్ అయినవారిలో ఎంతమంది ట్రయల్ దాకా రాలేదో, ఎందుకు రాలేదో రాసే రిజిస్టర్ ఒకటి మొదటి రోజు నుంచే పెట్టండి. దాన్ని తర్వాత తిరిగి కూర్చడం ఎవరి వల్లా కాదు.

సర్జరీని, పెథాలజీని ఒకే కొలతకు తేవడం

ఎక్కువ ట్రయల్స్ దెబ్బతినేది ఇక్కడే. తీసిన ముక్కను ఎలా చూశారన్నదాన్ని బట్టి కోత అంచులో క్యాన్సర్ ఉందో లేదో మారిపోతుంది. 2008లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, పెథాలజీ (తీసిన ముక్కను ల్యాబ్‌లో పరీక్షించే) పద్ధతిని ప్రామాణికం చేయగానే అంచులో క్యాన్సర్ ఉన్నవారి వాటా 14 శాతం నుంచి 76 శాతానికి పెరిగింది. కోత చెడిపోలేదు, మెరుగుపడింది చూసే తీరు. ప్రోటోకాల్‌లో ఇలా రాయండి: ముక్క ల్యాబ్‌కు రాగానే ముందు వైపు, వెనుక వైపు, పోర్టల్ సిర ఆనుకునే గాడి, సుపీరియర్ మెసెంటరిక్ ధమని వైపు ఒక్కోదానికీ ఒక్కో రంగు ఇంకు పూయాలి. డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) నిలువుకు అడ్డంగా పలుచటి ముక్కలుగా కోయాలి. కణితికీ అంచుకూ మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో రాయాలి. 1 మి.మీ. లోపుంటే అంచు పాజిటివ్ అంటారా, అంచును తాకితేనే అంటారా అన్నది ముందే తేల్చండి. మిల్లీమీటర్ల అంకె రిపోర్టులో ఉంటే, తర్వాత ఏ నిర్వచనంతోనైనా లెక్క వేసుకోవచ్చు.

సర్జరీ తర్వాతి లీక్‌కు పాంక్రియాస్ సర్జరీ అంతర్జాతీయ బృందం 2016 నిర్వచనమే వాడండి. మూడో రోజు గానీ ఆ తర్వాత గానీ డ్రెయిన్ గొట్టం నుంచి వచ్చే ద్రవంలో అమైలేజ్ (క్లోమం తయారుచేసే జీర్ణ ఎంజైమ్) రక్తంలోని గరిష్ఠ సాధారణ విలువకు మూడు రెట్లు మించితే, దానివల్ల చికిత్స మారితేనే అది ఫిస్టులా. చికిత్స మారకపోతే బయోకెమికల్ లీక్ మాత్రమే.

రాండమైజేషన్‌కు ముందు కొత్త సీటీ స్కాన్ తప్పనిసరి. సర్జరీకి ముందటి స్కాన్‌తో సరిపెడితే, అప్పటికే జబ్బు పాకినవారిని కూడా కీమో విఫలమైనవారిగా లెక్కిస్తాం. సీఏ 19-9ను బిలిరూబిన్ సాధారణ స్థాయికి వచ్చాకే కొలవాలి, కామెర్లు ఉంటే అది ఊరికే పెరిగి కనిపిస్తుంది. రక్తకణాలపై ఉండే లూయిస్ యాంటిజెన్ అనే గుర్తు లేనివారి శరీరం ఈ పదార్థాన్ని తయారే చేయదు, కాబట్టి వాళ్లలో తక్కువ విలువ చూసి ధైర్యపడకూడదు.

మందు, మోతాదు, పూర్తి చేయించడం

మాడిఫైడ్ ఫోల్ఫిరినాక్స్: ఒంటి విస్తీర్ణంలో చదరపు మీటరుకు ఆక్సాలిప్లాటిన్ 85 మి.గ్రా., ల్యూకోవోరిన్ 400 మి.గ్రా., ఇరినోటెకాన్ 150 మి.గ్రా., 5-ఎఫ్‌యూ 46 గంటల్లో 2,400 మి.గ్రా. రెండు వారాలకోసారి, మొత్తం 12 సైకిళ్లు. ప్రోడీజ్ 24లో ఇరినోటెకాన్‌ను మొదట 180 మి.గ్రా.తో మొదలుపెట్టి, మధ్యలో 150కి తగ్గించారు. మొత్తంగా ఈ గ్రూపులో తీవ్ర దుష్ప్రభావాలు 75.9 శాతం మందికి వచ్చాయి. అన్ని సైకిళ్లూ పూర్తి చేసింది 66.4 శాతం మందే. మొదటి డోసుకు ముందే డీపీవైడీ జన్యు పరీక్ష పెట్టండి; 5-ఎఫ్‌యూను శరీరంలో విరగ్గొట్టే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు అది. ఆ ఎంజైమ్ లోపించినవారిలో 5-ఎఫ్‌యూ ప్రాణం తీయగలదు.

తొందరపడి మొదలుపెట్టడం కంటే చివరిదాకా ఇవ్వగలగడం ముఖ్యం. సర్జరీ తర్వాతి కీమోపై జరిగిన ఎస్పాక్-3 ట్రయల్ సమాచారం విశ్లేషిస్తే, ఆరు సైకిళ్లూ పూర్తయినవారే ఎక్కువకాలం బతికారు. 12 వారాల వరకు ఆగి మొదలుపెట్టడం వల్ల నష్టం కనబడలేదు. గాయం మానని రోగిని ఆరో వారంలోనే కీమోకు నెట్టవద్దు. క్లోమం కోసేసినవారికి తిన్నది అరగదు, జిడ్డు విరేచనాలతో బరువు పడిపోతారు. దాన్ని ఇరినోటెకాన్ విరేచనాలుగా పొరబడి మోతాదు తగ్గించేస్తుంటారు. అందుకే రెండు గ్రూపులకూ భోజనంతో పాటు 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్ (కొవ్వును అరిగించే) ఎంజైమ్ క్యాప్సూల్స్, చిరుతిండికి అందులో సగం అని ప్రోటోకాల్‌లోనే రాసేయండి.

ఎంతమంది కావాలి, దేన్ని కొలవాలి

కొత్త చికిత్స మరణ ముప్పును 25 శాతం తగ్గిస్తుందని అనుకుంటే, 80 శాతం పవర్ (నిజమైన తేడాను పట్టుకునే అవకాశం), రెండు వైపులా 5 శాతం ఆల్ఫా (లేని తేడాను ఉందనుకునే ముప్పు)తో దాదాపు 380 మరణాలు నమోదు కావాలి. ఇది మరణాల లెక్క. చేర్చుకోవాల్సిన రోగుల సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది. 30 శాతం తగ్గుతుందని ఆశపడితే 247 చాలు. ఆశ తప్పితే మాత్రం నిజంగా పనిచేసే మందు కూడా పనికిరానిదిగా తేలుతుంది. కోత అంచు, లింఫ్ గ్రంథులు, కేంద్రం వారీగా స్ట్రాటిఫై చేయండి, అంటే ఇవి రెండు గ్రూపుల్లోనూ సమంగా ఉండేలా పంచండి.

జబ్బు తిరగబెట్టడాన్ని ప్రధాన కొలతగా పెట్టుకుంటే దాన్ని ఎవరు తేలుస్తారో ముందే రాయాలి. జెమ్‌సైటబిన్‌కు నాబ్-పాక్లిటాక్సెల్ కలపడాన్ని జెమ్‌సైటబిన్ ఒక్కదానితో పోల్చిన అపాక్ట్ ట్రయల్‌లో స్కాన్లు మాత్రమే చూసే స్వతంత్ర బృందం లెక్కన 19.4, 18.8 నెలలు, తేడా లేదు. రోగిని చూసే డాక్టర్ల లెక్కన 16.6, 13.7 నెలలు. ప్రధాన కొలత మొదటిది కావడంతో ట్రయల్ విఫలమైంది. కోసిన చోట మిగిలే మచ్చకీ, తిరిగి వచ్చిన కణితికీ తేడా స్కాన్‌లో పట్టుకోవడం కష్టం. మార్కర్ పెరిగి, స్కాన్ శుభ్రంగా ఉన్నప్పుడు డాక్టర్ మందు మారిస్తే ఆ రోగిని ఎలా లెక్కించాలన్నది మొదటి రోగి చేరకముందే విశ్లేషణ పత్రంలో ఉండాలి. స్కాన్లు రెండు గ్రూపులకూ ఒకే రోజుల లెక్కన తీయాలి. ఒక గ్రూపుకు ముందుగా తీస్తే, వాళ్లలో జబ్బు ముందే బయటపడుతుంది.

సమ్మతి కోసం ఆపరేషన్ అయిన రెండో రోజున వార్డులో సంతకం అడగవద్దు. పెథాలజీ రిపోర్టు వచ్చాక, కుటుంబంతో కూర్చుని మాట్లాడండి. అప్పుడే దగ్గరి బంధువులు ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. ప్రీఒపాంక్‌లో ముందు కీమో-రేడియేషన్ తీసుకున్నవారిలో, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవారిలో వరుసగా మధ్యస్థ ఆయుష్షు 15.7, 14.3 నెలలుగా దాదాపు కలిసిపోయింది, కానీ ఐదేళ్లకు బతికున్నవారు 20.5 శాతం, 6.5 శాతం. రెండేళ్లకే ఫైలు మూసేసి ఉంటే ఆ తేడా ఎవరికీ తెలిసేది కాదు. కాబట్టి స్కాన్లు ఆగిపోయాక కూడా ఆరు నెలలకోసారి ఆ నంబర్లకు ఫోన్ చేసి, రోగి ఎలా ఉన్నారో రాసుకునే మనిషి జీతాన్ని ఐదేళ్ల బడ్జెట్‌లో మొదటే చేర్చండి.