పంట ఆకులో నత్రజని ప్రభావాన్ని చదవడం – నాలుగో పాఠం: హారం ఏది?

ఈ పాఠంలో రూబిస్కో (గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టే ఆకు ఎంజైము) జన్యువుల సంగతి చెప్పుకోవలసి ఉంది. అయితే గత అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట తడబడ్డాయి కనుక, ముందు అది సరిచేసుకోక తప్పదు. నత్రజని లోపించిన ఆకులో గ్రాము పొడి బరువుకు ఎంజైములన్నీ తగ్గినట్టు పట్టికలో కనబడగానే, కొరత వల్ల ఆ జన్యువులన్నీ అణగిపోయాయని చాలామంది తీర్మానించారు. అదే పట్టికలో స్టార్చ్ ఎంతో పెరిగిందని చెప్పే వరుసను పక్కన పెట్టేశారు.

స్టార్చ్ ఎందుకు పెరుగుతుంది? నైట్రేట్ (మొక్క నేల నుంచి తీసుకునే నత్రజని రూపం) అందుతున్న ఆకు తన కర్బనంలో కొంత భాగాన్ని సేంద్రియ ఆమ్లాలుగా మార్చి, అమైనో ఆమ్లాల తయారీకి వాడుకుంటుంది. నైట్రేట్ తగ్గితే ఆ వినియోగమూ, దానితోపాటు మొక్క పెరుగుదలా మందగించి, ఖర్చు కాని చక్కెర స్టార్చ్‌గా పేరుకుంటుంది. ఇక్కడ నైట్రేట్ ముడిసరుకు మాత్రమే కాదు, సంకేతం కూడా. నైట్రేట్‌ను అమైనో ఆమ్లాల వైపు మార్చే తొలి ఎంజైము నైట్రేట్ రిడక్టేజ్ చాలా తక్కువగా ఉన్న పొగాకు మొక్కల్లో అమైనో ఆమ్లాలు కొరవడినా నైట్రేట్ పేరుకుంటుంది. అప్పుడు స్టార్చ్ తయారీలో కీలకమైన ఏడీపీ-గ్లూకోజ్ పైరోఫాస్ఫొరిలేజ్ ఎంజైము జన్యు వ్యక్తీకరణ (ఆ జన్యువు పనిచేసే స్థాయి) తగ్గి, సేంద్రియ ఆమ్లాలకు దారితీసే జన్యువుల వ్యక్తీకరణ పెరుగుతుంది. నాకు ఈ విషయంలో ఇంతకంటే అందమైన నిదర్శనం కనబడదు.

ఇక హారం దగ్గరికి వద్దాం. చదరపు మీటరు ఆకు పొడి బరువు 40 గ్రాములనుకోండి. కొరతలో మరో 10 గ్రాముల స్టార్చ్ చేరితే అది 50 గ్రాములవుతుంది. ఎంజైము రవ్వంతైనా మారకపోయినా, గ్రాముకు లెక్కిస్తే 20 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. లవం కదలలేదు, హారం ఉబ్బింది. అందుకే నేను ముందుగా ఆకు వైశాల్యానికి లెక్కిస్తాను. వైశాల్యం కొలవని పట్టికైతే మొత్తం బరువులోంచి స్టార్చ్ తీసేసి, మిగిలిన బరువుతో భాగిస్తాను.

జన్యు వ్యక్తీకరణలోనూ ఇదే చిక్కు ఉంది, పైగా అక్కడ అది కంటికి కనబడదు. రెండు ఆకుల నుంచీ ఒకే పరిమాణంలో ఆర్ఎన్ఏ తీసుకుని పోలుస్తాం. కానీ నత్రజని కొరతలో రైబోజోములు (ప్రోటీన్లు తయారయ్యే కణ భాగాలు) తగ్గుతాయి, ఆకులోని మొత్తం ఆర్ఎన్ఏలో అత్యధిక భాగం వాటిదే. మొత్తం ఆర్ఎన్ఏ సగానికి పడిపోయిన ఆకులో ఒక ఎంఆర్ఎన్ఏ (ప్రోటీను తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు) రెట్టింపైనట్టు యంత్రం చూపితే, వైశాల్యం లెక్కన ఆ ఎంఆర్ఎన్ఏ ఏమీ మారలేదన్నమాట. ప్రామాణిక జన్యువుతో, అంటే వ్యక్తీకరణ మారదని అనుకునే జన్యువుతో పోల్చాం కదా అనే సమాధానం సరిపోదు. ఆ జన్యువు కొరతలోనూ నిలకడగా ఉందని అదే ఆకుల్లో నిరూపించాలి. ఆకును నూరేటప్పుడే మొక్కలో లేని బయటి ఆర్ఎన్ఏను తెలిసిన పరిమాణంలో కలిపి, దానితో పోల్చడం ఇంకా నమ్మదగిన పద్ధతి. ఆంథోసయనిన్ (ఎరుపు-ఊదా రంగు పదార్థం) తయారుచేసే జన్యువుల్లా వ్యక్తీకరణ అనేక రెట్లు పెరిగిన చోట ఈ సవరణ తర్వాత కూడా నిర్ణయం మారదు. రెండింతల లోపు తేడాలకే ఈ జాగ్రత్త ప్రాణం.

కోత సమయం గురించి ఒక్కమాట: నైట్రేట్ రిడక్టేజ్ ఎంఆర్ఎన్ఏ రాత్రి ముగిసేసరికి హెచ్చుగా ఉన్నా, చీకట్లో ఆ ఎంజైముకు ఫాస్ఫేటు చేరి, 14-3-3 అనే నియంత్రక ప్రోటీన్లు అంటుకుని అది నిద్రాణమవుతుంది. రెండు రకాల ఆకులనూ ఒకే వేళకు కోయండి.

అభ్యాసం: చదరపు మీటరుకు మామూలు ఆకు పొడి బరువు 42 గ్రాములు, అందులో స్టార్చ్ 3 గ్రాములు, కొరత ఆకులో అవి 54, 15. గ్రాము పొడి బరువుకు గ్లూటమిన్ సింథటేజ్ (అమ్మోనియాను అమైనో ఆమ్లంలో చేర్చే ఎంజైము) చర్య వరుసగా 13, 7 యూనిట్లు. మొత్తం ఆర్ఎన్ఏ చదరపు మీటరుకు 60, 30 మిల్లీగ్రాములు. సమాన ఆర్ఎన్ఏలో ఆ జన్యువు ఎంఆర్ఎన్ఏ 1, 1.4. ఎంజైము తగ్గుదలను మూడు హారాలతో (పొడి బరువు, వైశాల్యం, స్టార్చ్ తీసేసిన బరువు) లెక్కించి, ఎంఆర్ఎన్ఏను వైశాల్యానికి మార్చి, ఆ తగ్గుదలకు ఎంఆర్ఎన్ఏ ఒక్కటే కారణమని చెప్పవచ్చో లేదో నిర్ణయించండి. చెప్పలేమంటే ఇంకా ఏం కొలవాలో, ఎందుకో రాయండి.