పిల్లర్ల మీద తేదీలు రాయించాక

నాగోల్‌లో మేము కట్టించుకుంటున్న ఇంటికి మొదటి స్లాబు ఏప్రిల్‌లో పోశారు. మూడో రోజున పైకెక్కి చూస్తే వెంట్రుకంత సన్నని పగుళ్లు కనిపించాయి. సిమెంటును అనుమానించాను గానీ, తీరా ఆరా తీస్తే వాచ్‌మన్ తడుపుతున్నాడని మేస్త్రీ, మేస్త్రీ మనుషులు తడుపుతున్నారని వాచ్‌మన్ అనుకున్నారని, నీళ్ల ట్యాంకరు రాని రోజున స్లాబు పూర్తిగా ఎండిపోయిందని తేలింది. పగుళ్లు పైపైనివేనని ఇంజనీరు నిర్ధారించి పూడ్పించారు.

కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ ప్రకారం ఓపీసీ (సాధారణ పోర్ట్‌ల్యాండ్) సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిపిన పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మేము వాడింది పీపీసీ. అందుకే రెండో స్లాబు పోసిన మర్నాడే మడులు కట్టించి నీరు నిలబెట్టాం, పిల్లర్లకు తడి గోనెసంచులు చుట్టించాం. ఒక్కో పిల్లరు మీద పోసిన తేదీ, తడపడం ఆపవలసిన తేదీ ఎర్ర రంగుతో రాయించాను. "సార్, పిల్లర్లకు పంచాంగం రాస్తున్నారా?" అని మేస్త్రీ నవ్వాడు, కానీ మరుసటి వారం నుంచి తానే రంగు డబ్బా పట్టుకున్నాడు.

తడిపే బాధ్యత వాచ్‌మన్ ఒక్కడికే అప్పగించి, స్లాబు తేదీ ఖరారైన రోజునే పది రోజులకూ ట్యాంకర్లు మాట్లాడుకున్నాం. సెంట్రింగు (స్లాబు గట్టిపడేదాకా కింద మోసే చెక్కలు, ఆసరాలు) విప్పే తేదీనీ పిల్లర్ల మీదే రాశాం: 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబు కింది ఆసరాలకు కోడ్ చెప్పే 7 రోజుల గడువు ఓపీసీకి సంబంధించినది కనుక, మా ఇంజనీరు దాన్ని పొడిగించారు. రెండో స్లాబులో పగుళ్లు రాలేదు.