టీమ్‌కు స్వేచ్ఛ ఇచ్చాక పని జారిపోతోందా? ముందు ఇవి చూసుకోండి

లక్షణం: "అయిపోతుంది సార్" అని నెలంతా విన్నారు. గడువు రోజు చూస్తే సగం కూడా కాలేదు.

కారణం: పని అప్పగించారు గానీ, ఏం జరిగితే అయిపోయినట్టో మాట్లాడుకోలేదు. హైదరాబాద్‌లో నేను చూసుకునే సపోర్ట్ టీమ్‌లో ఇదే జరిగింది. ఒక బిల్లింగ్ రిపోర్టును ఇద్దరికి కలిపి అప్పజెప్పి, "మీకు ఎలా వీలైతే అలా చేయండి" అన్నాను. అమ్మాయి కోడ్ రాసేసి, టెస్టింగ్ అతను చూస్తున్నాడనుకుంది. అతనేమో ఆమె చెప్పేదాకా ఆగాడు. షీట్‌లో 'ఓనర్' గడిలో రెండు పేర్లు, మధ్యలో ఒక గీత. ఆ గీత దగ్గరే పని నాలుగు రోజులు ఆగిపోయింది. ఆ గడి నింపింది నేనే కాబట్టి వాళ్లిద్దరినీ ఏమీ అనలేకపోయాను.

పరిష్కారం: ఒక పనికి ఒకే పేరు. సాయం ఎంతమందైనా చేయవచ్చు, జవాబు చెప్పేది ఒక్కరే. చివరికి చేతికి ఏం రావాలి, ఎప్పటికి రావాలి, మధ్యలో ఏ రోజు చూపిస్తారు అన్నవి వాళ్ల చేతే రాయించండి. ఎలా చేయాలన్నది వాళ్లకే వదిలేయండి. ఆ మధ్య రోజున మాత్రం "ఎంతవరకు వచ్చింది?" అని అడిగి ఊరుకోవద్దు. "ఒకసారి తెరిచి చూపించు" అనండి. "80 శాతం అయింది సార్" అని నోటితో ఎవరైనా చెప్తారు.

లక్షణం: ప్రతి చిన్నదానికీ మిమ్మల్నే అడుగుతున్నారు. తప్పు జరిగితే మాత్రం కస్టమర్ చెప్పాకే మీకు తెలుస్తోంది.

కారణం: హద్దు ఎక్కడో తెలియదు. లేదా ఎప్పుడో ఒకసారి సొంతంగా నిర్ణయం తీసుకున్నందుకు అందరి ముందూ చీవాట్లు పడ్డాయి. నేను చూసినంతలో రెండోదే ఎక్కువ.

పరిష్కారం: హద్దును అంకెలో చెప్పండి. రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లలో అతిథి ఇబ్బంది తీర్చడానికి ఉద్యోగి పైవాళ్లను అడగకుండా 2,000 డాలర్ల వరకు ఖర్చు పెట్టవచ్చన్న నియమానికి చాలా పేరుంది. మీరు 2,000 రూపాయల రీఫండ్‌తో మొదలుపెట్టినా చాలు. ఆలోపు నిర్ణయం బెడిసికొడితే విడిగా పిలిచి, "అప్పటికి నీకేం తెలుసు, దేన్నిబట్టి ఇచ్చావు?" అని అడగండి.

లక్షణం: చాట్‌లో, ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే ఆకుపచ్చ చుక్క వెలుగుతూనే ఉంటుంది, పని కనిపించదు.

కారణం: మీరు కొలిచేది ఆ చుక్కనే. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు వాడుతున్నట్టు భ్రమ కల్పించారని డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది.

పరిష్కారం: చుక్క చూడటం మానేసి, పైన రాయించిన తేదీలు చూడండి.

లక్షణం: ఇవన్నీ చేసినా ఒకే మనిషి గడువు తప్పుతున్నారు.

పరిష్కారం: ఆ ఒక్కరి కోసం టీమ్ మొత్తానికి డైలీ రిపోర్టు పెట్టకండి. బాగా పనిచేసేవాళ్లే ముందు నొచ్చుకుంటారు. ఆ మనిషితో విడిగా కూర్చోండి. పని రాదా, ఇంట్లో ఏమైనా టెన్షనా, అసలు ఇష్టమే లేదా అన్నది తేలాలి. పని రాకపోతే నేర్పిస్తూ, కొన్నాళ్లు రెండు రోజులకొక చిన్న గడువు ఇవ్వండి. అవి నిలబెట్టుకుంటే వారానికి పెంచండి.