గుండెలో మెటల్ వాల్వు ఉన్నవాళ్లు రక్తాన్ని ఎలా కనిపెట్టుకోవాలి

రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక నా ఛాతీలోంచి చిన్న గడియారం చప్పుడు వినిపిస్తుంది. 2012లో హైదరాబాద్‌లో, ఆరోగ్యశ్రీ కింద, నా మైట్రల్ వాల్వు (గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య రక్తాన్ని ఒకే దిక్కుకు పోనిచ్చేది) తీసేసి మెటల్ వాల్వు పెట్టారు. అప్పటికి నాకు 31 ఏళ్లు. నరసరావుపేట దగ్గర ఒక ఊళ్లో బట్టలు కుడతాను. ఆపరేషన్ ఒక్క పూటలో అయిపోయింది. రక్తం పలుచన చేసే మాత్ర మాత్రం బతికినంత కాలం వేసుకోవాలి. ఇంటికి పంపించే రోజు దాని గురించి రెండు నిమిషాలు చెప్పారు. సరిగ్గా అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. కొత్తగా వాల్వు మార్పించుకున్నవాళ్లకు ఆ రెండేళ్లు మిగలాలని ఇది రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. చిన్నప్పుడు నాకు తరచూ గొంతు నొప్పి వచ్చేది. ఒకసారి మోకాళ్లు, మడమలు వాచి జ్వరం వచ్చింది. ఎదిగే పిల్లకు కాళ్ల నొప్పులు మామూలే అనుకున్నారు ఇంట్లో. అది రుమాటిక్ జ్వరం. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి మీద పోరాడబోయి ఒంట్లోని రక్షణ శక్తి గుండె వాల్వు మీద కూడా దాడి చేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాల్వు గట్టిపడి దారి సన్నబడుతుంది. నా రెండో కాన్పు ముందు పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నయం. అప్పుడు బయటపడింది. మొదట తొడ దగ్గర నుంచి గొట్టం పంపి బెలూన్‌తో వెడల్పు చేశారు. కొన్నేళ్లకు మళ్లీ మూసుకుపోతూ వచ్చింది, లీకు కూడా మొదలైంది. ఇక మార్చక తప్పలేదు.

జంతు కణజాలంతో చేసిన వాల్వు పెడితే జీవితాంతం ఈ మాత్ర అక్కరలేదు. కానీ అది పది పదిహేనేళ్లకు పాడవుతుంది, చిన్న వయసువాళ్లలో ఇంకా త్వరగా. అందుకే నాలాంటివాళ్లకు మెటల్ వాల్వు పెడతారు. పేరుకు మెటల్ అంటాం గానీ నా వాల్వులోని రెండు చిన్న తలుపులు గట్టి కార్బన్‌తో చేసినవి. రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఆ తలుపుల అంచున రక్తం గడ్డకడితే వాల్వు బిగుసుకుపోవచ్చు, లేదా గడ్డ మెదడుకు పోయి పక్షవాతం రావచ్చు. ఆ గడ్డ కట్టకుండా చూడటమే ఎసిట్రోమ్, వార్ఫరిన్ మాత్రల పని.

మాత్ర సాయంత్రం పూట, ఒకే వేళకు వేసుకోండి. నాది ఏడు గంటలు. పొద్దున పరీక్ష చేయించుకుంటే మధ్యాహ్నానికి ఫలితం వస్తుంది, మోతాదు మార్చాలంటే ఆ సాయంత్రమే మార్చవచ్చు. మరిచిపోయి అదే రాత్రి గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి మింగకండి. నోటు పుస్తకంలో తప్పిన తేదీ రాసుకుని డాక్టరుకు చెప్పండి.

పరీక్ష పేరు ఐఎన్‌ఆర్. రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతోందో చెప్పే అంకె అది; అంకె పెరిగేకొద్దీ రక్తం పలుచన అన్నమాట. మాత్ర వేసుకోని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వు ఉన్నవాళ్లకు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. అయోర్టిక్ వాల్వు (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోది) అయితే కొంచెం తక్కువ. మీ డాక్టరు రాసిన అంకె ఏదో అదే మీది, పక్కవాళ్లతో పోల్చుకోకండి. నిలకడగా ఉన్నప్పుడు నెలకోసారి చాలు. కొత్త మందు ఏది మొదలుపెట్టినా, ఆపినా కొద్ది రోజుల్లోనే మళ్లీ చేయించాలి. ఎప్పుడూ ఒకే ల్యాబుకు వెళ్లండి. పరీక్షే అక్కరలేని కొత్త రకం మాత్రలు ఉన్నాయని ఎవరైనా చెబుతారు. ఉన్నమాట నిజమే, కానీ మెటల్ వాల్వు ఉన్నవాళ్లకు అవి పనికిరావు.

ఇక తిండి. నేను ఎక్కువ పొరపాట్లు చేసింది ఇక్కడే. ఆకుకూరల్లో కె విటమిన్ ఉంటుందని, అది మాత్ర బలాన్ని తగ్గిస్తుందని విని మా అత్తయ్య ఇంట్లో గోంగూర, తోటకూర, మునగాకు మొత్తం మాన్పించారు. నా మీద ప్రేమతోనే. మూడు వారాలకు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం. ఐఎన్‌ఆర్ 5 దాటింది. ఆకు తగ్గితే మాత్ర బలం పెరుగుతుందని అప్పుడు తెలిసింది. ఆకుకూరలు మానక్కరలేదు, వారం వారం ఇంచుమించు ఒకే కొలతలో తినాలి. మా ఇంట్లో ఇప్పుడు మంగళవారం, శుక్రవారం ఆకుకూర పప్పు, ఒక గరిటె. ఆషాఢంలో మునగాకు వరసగా వండకుండా అదే లెక్కలో కలుపుతాం. కార్తీకంలో ఉపవాసాలుంటే కూడా ఐఎన్‌ఆర్ పైకి పోతుంది, ముందే డాక్టరుతో మాట్లాడండి.

సూది విషయం గట్టిగా చెబుతాను. నడుము నొప్పికి ఊళ్లో వైద్యుడి దగ్గర తుంటికి ఒక ఇంజెక్షన్ చేయించుకున్నాను. నా మాత్ర సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. రాత్రికి కండలో రక్తం చేరి తుంటి నల్లగా, కొబ్బరికాయంత వాచింది. పదిహేను రోజులు మిషన్ ముందు కూర్చోలేకపోయాను. కండకు సూది అంటే ముందు మాత్ర పేరు చెప్పండి. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా సొంతంగా వద్దు. కడుపులో రక్తం కారవచ్చు. విరేచనాలకు మందుల కొట్టులో ఇచ్చే మెట్రోనిడజోల్ ఐఎన్‌ఆర్‌ను బాగా పెంచుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ పడగొడుతుంది.

పన్ను పీకించుకోవాలంటే మాత్ర మీరే ఆపేయకండి. గుండె డాక్టరు, దంతవైద్యుడు ఇద్దరూ మాట్లాడుకోవాలి. పనికి ముందు యాంటీబయాటిక్ కూడా వేసుకోవాలి, ఎందుకంటే నోటిలోని క్రిములు రక్తంలోకి వెళ్లి వాల్వు మీద కూర్చుంటాయి. అదే కారణంగా, కొన్ని రోజులుగా కారణం తెలియని జ్వరం ఉంటే కొట్టులో యాంటీబయాటిక్ కొనకండి. ముందు రక్తం కల్చర్‌కు, అంటే అందులో క్రిమి ఉందేమో చూసే పరీక్షకు ఇవ్వాలి. యాంటీబయాటిక్ పడ్డాక క్రిమి దొరకకపోవచ్చు. రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా పెన్సిలిన్ వాడుతున్నవాళ్లు, వాల్వు మారింది కదా అని డాక్టరు చెప్పకుండా ఆపవద్దు.

ఆడవాళ్లం సిగ్గుపడి దాచే మాటలు రెండు ఉన్నాయి. నెలసరి రక్తస్రావం ఎక్కువైతే వెంటనే చెప్పండి, దానికి మందులున్నాయి. రక్తహీనత వచ్చేదాకా ఓర్చుకోనక్కరలేదు. రెండోది, ఈ మాత్రలు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, మొదటి మూడు నెలల్లో మరీ. కానీ భయపడి ఒక్కసారిగా ఆపితే తల్లికి వాల్వు బిగుసుకుపోవచ్చు. బిడ్డ కావాలనుకున్నప్పుడే, నెల తప్పకముందే, గుండె డాక్టరును కలవండి.

వెంటనే 108కు ఫోను చేయాల్సినవి: మూతి వంకరపోవడం, చేయి లేక కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, తలకు గట్టి దెబ్బ తగలడం (పైకి రక్తం కనిపించకపోయినా), నల్లగా తారులాంటి విరేచనం. ఇంకొకటి మనకే తెలిసేది. రోజూ వినిపించే ఆ టిక్కు మందగించి, కొత్తగా ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగకండి.

నా పర్సులో ఒక అట్ట ముక్క ఉంటుంది. మైట్రల్ మెటల్ వాల్వు, ఆపరేషన్ తేదీ, మాత్ర పేరు, మోతాదు, కిందటి ఐఎన్‌ఆర్. మోతాదు మారినప్పుడల్లా కొట్టేసి కొత్తది రాస్తాను. వెనక పెద్ద అక్షరాలతో మా అబ్బాయి రాశాడు: ‘కండకు సూది వేయవద్దు.’