పైన్ గింజల చెట్టు వద్దు, సార పెట్టండి: సీమ మెట్టలో ఫుడ్ ఫారెస్ట్ పై అంచె

ఫుడ్ ఫారెస్ట్, అంటే అడవిలా అంచెలంచెలుగా తిండి మొక్కలు పెంచే తోట, వేసేవాళ్లకు పై అంచెలో గింజలు తినడానికి పనికొచ్చే పెద్ద చెట్టు ఒకటి కావాలనిపిస్తుంది. వెతికితే ముందు కనబడేది చిల్గోజా, అంటే పైన్ గింజల చెట్టు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో దానికి డబ్బు పెట్టకండి. చిల్గోజా హిమాచల్‌లోని కిన్నౌర్ లాంటి చోట్ల, సుమారు 1,800 మీటర్ల పైన, చలికాలంలో మంచు పడే పొడి కొండల మీద పెరిగేది. మధ్యధరా తీరపు స్టోన్ పైన్‌కు వాన చలికాలంలో పడాలి, మనకు పడేదేమో జూన్ నుంచి అక్టోబరు దాకా. బెంగళూరు లాల్‌బాగ్‌లో పైన్‌లా కోన్ కాసే అరకేరియా చెట్లు బాగానే ఉన్నాయి కదా అంటారు. ఆ ఊరు 900 మీటర్ల ఎత్తున ఉంది, అనంతపురం 350 దగ్గర ఉంది. ఇక శేషాచలం, కడప కొండల్లో కోన్ కాసే పేరిత (సైకాస్ మొక్క) ఉంది గానీ అది పైన్ జాతి కాదు. దాని గింజ విషం, పైగా అది అంతరించిపోతున్న మొక్క. దాని జోలికి పోవద్దు.

ఆ అంచెకు మన చెట్టు సార. స్వీట్లలో వేసే సారపప్పు దీనిదే. మామిడి కుటుంబం. నల్లమల, లంకమల, పాలకొండల్లో గరుసు నేలల్లో వాన మీదే బతుకుతుంది. ఆకు వెడల్పుగా, అడుగున నూగుతో ఉంటే పెద్ద సార. సన్నగా, నున్నగా ఉంటే చిన్న రకం. రెండింటి పప్పూ తినొచ్చు. ఎర్రనేల, రాళ్ల నేల, వాలు నేల దీనికి బాగా కుదురుతాయి. నంద్యాల, ఆదోని వైపు నల్లరేగడిలో పెట్టకండి. వానకు నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది, ఎండకు నేల నెర్రెలిచ్చి వేరు తెగుతుంది.

ఈ చెట్టు సంగతంతా తల్లివేరులో ఉంది. మొలక పైకి జానెడు లేవకముందే వేరు లోతుకు దిగుతుంది. చిన్న కవర్లో పెంచితే అది అడుగున చుట్ట చుట్టుకుంటుంది. అలాంటి మొక్క నాటిన ఏడాది పచ్చగానే ఉండి, రెండో ఎండాకాలంలో పోతుంది. అందుకే గుంతలోనే విత్తనం వేయడం మేలు. తప్పదంటే కనీసం అడుగు పొడవున్న కవర్లో వేసి, ఆ వానాకాలంలోనే నాటేయండి.

గుంతలు ఏప్రిల్‌లో తీయండి, రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. అడుగున గరుసు గట్టిగా తగిలితే గడ్డపారతో ఇంకో అడుగు పగలగొట్టండి. మూడు నాలుగు వారాలు ఎండనిచ్చి, పైమట్టిలో 10 కిలోల చివికిన పశువుల ఎరువు, పావు కిలో వేపపిండి కలిపి నింపండి. పచ్చి ఎరువు వేస్తే చెదలను పిలిచినట్టే. ఒక మంచి వాన పడి మట్టి కుంగాకే విత్తాలి. ముందే వేస్తే కుంగే మట్టితో పాటు విత్తనమూ లోతుకు పోతుంది. చెట్టుకూ చెట్టుకూ 8 మీటర్లు ఇస్తే ఎకరాకు 60 పైచిలుకు పడతాయి. ఫుడ్ ఫారెస్ట్‌లో కింద అంచెలకు వెలుతురు కావాలి కాబట్టి 10 మీటర్లు ఇచ్చి 40తో సరిపెట్టుకోవడం మంచిది.

విత్తనం ఆ ఏడాదిదే కావాలి. పప్పులో సగానికి సగం నూనె, నిల్వ ఉన్నకొద్దీ మొలక తగ్గుతుంది. కిరాణా కొట్టు సారపప్పు టెంక తీసేసినది, అది విత్తనానికి పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగా మాగిన పండ్లు తెచ్చి, గుజ్జు గోనెపట్ట మీద రుద్ది కడిగి, నీళ్లలో తేలిన గింజలు పారేయండి. మునిగినవి నీడన ఆరబెట్టండి. టెంక గట్టిది, అలాగే వేస్తే మొలిచేవి తక్కువ. టెంక చుట్టూ సన్నటి అతుకు గీత కనబడుతుంది. ప్లయర్‌తో ఆ గీత వెంట మెల్లగా నొక్కితే టిక్కుమని చిన్న బీట పడుతుంది, అక్కడితో ఆపాలి. పప్పు నలిగితే బూజు పట్టి పోతుంది. బీటలిచ్చిన గింజల్ని ఒక రాత్రి నానబెట్టి, ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను ఆపే మేలు శిలీంధ్రం) పొడి పట్టించి, మృగశిర, ఆరుద్ర కార్తెల్లో పదును చూసుకుని గుంతకు మూడు చొప్పున అంగుళం లోపు లోతున వేయండి. రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. తర్వాత బలమైనదొకటి ఉంచండి.

మొలకకు పడమర వైపు, మూడడుగుల దూరంలో కంది వేస్తే మధ్యాహ్నం ఎండ తగలకుండా నీడ ఇస్తుంది, మేకలు మేయకుండా చుట్టూ రేగుకంప కట్టండి. వాలు కింది వైపు అర్ధచంద్రాకారంలో కట్ట వేయండి. మొదలు దగ్గర మాత్రం మట్టి కాస్త ఎత్తుగా ఉండాలి. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి పది లీటర్ల నీళ్లు చాలు. మేలో మొక్క ఎండుపుల్లలా కనిపిస్తే పీకేయకండి. గోటితో గీకండి, లోపల పచ్చగా ఉంటే వానకు చిగురిస్తుంది.

విత్తనపు చెట్టు కాపుకు ఎనిమిది, పదేళ్లు పడుతుంది, కాయ సైజూ చెట్టుకో తీరు. అంటు కట్టిన చెట్టు నాలుగైదేళ్లలో కాస్తుంది. తల్లివేరు పోకుండా ఈ రెండో లాభం రావాలంటే, కాండం పెన్సిలంత అయ్యాక జూలై, ఆగస్టుల్లో గుంతలోనే మెత్తకొమ్మ అంటు కట్టించండి. బాగా కాసే చెట్టు నుంచి జానెడు లోపు కొమ్మ ఎంచుకుని, వారం ముందే ఆకులు గిల్లేయాలి. రిజర్వు ఫారెస్టులో కొమ్మ కోయడం నేరం, తోటల్లోని చెట్టే చూసుకోండి.

కాండం మీద రంపపు పొట్టులాంటి గూడు కనబడితే అది బెరడు తినే పురుగు పని. ఆ గూడు గీకేసి, రంధ్రంలోకి తీగ దూర్చి పురుగును చంపి, కిరసనాయిలులో ముంచిన దూది పెట్టి మట్టితో మూసేయండి.

పూత కొమ్మల చివర్ల వస్తుంది కాబట్టి కాయ కోసం కొమ్మలు విరవడమంటే వచ్చే ఏడాది కాపు విరిచేయడమే. దోటితో నల్లవే దులపండి. పచ్చివి తెస్తే లోపల పప్పు ముడుచుకుపోతుంది. గుజ్జు తీశాక టెంకలు ఊపితే గలగలమనే దాకా ఎండబెట్టి, తిరగలి రాళ్ల మధ్య కాస్త సందు ఉంచి విసరండి. సందు తక్కువైతే పప్పు పిండవుతుంది. చెరిగిన పప్పు ఎండాకాలంలో బయట ఉంచితే కనరెక్కుతుంది. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా టెంకతోనే ఉంచుకుని కావలసినప్పుడు కొట్టుకోండి.