కొత్త పెయింట్‌పై మసక మచ్చలు: కాంపౌండ్ డబ్బా తెరిచే ముందు

కొత్తగా పెయింట్ వేయించిన డోరు మీదో బానెట్ మీదో మసక కనిపించగానే చాలామంది రబ్బింగ్ కాంపౌండ్ (రుద్ది మెరుపు తెచ్చే పేస్టు) పట్టుకుంటారు. నిజానికి అది చివర్లో చేయవలసిన పని. మసకలన్నీ ఒకే రకానివి కావు. కొన్ని క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శకమైన పైపొర) పైభాగంలో ఉంటాయి, కొన్ని దాని లోపల చిక్కుకున్న తేమ వల్లనో థిన్నర్ (పెయింట్‌ను పలుచన చేసే ద్రవం) వల్లనో వస్తాయి, మరికొన్ని క్లియర్ కింద ఉన్న రంగులోనే ఉంటాయి. మొదటి రకం రుద్దితే పోతుంది, రెండోదానికి ముందు పెయింట్ పూర్తిగా ఆరేదాకా ఆగాలి, మూడోదానికి మళ్లీ పెయింట్ వేయడం తప్ప దారి లేదు. క్లియర్ కోటు మందం సాధారణంగా 40 నుంచి 60 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది కాబట్టి, ఏ రకమో తేల్చుకోకుండా రుద్దితే మసక పోకపోగా క్లియరే పోతుంది.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. బండిని నీడలో నిలిపి, మచ్చ ఉన్నచోట శుభ్రమైన నీళ్లు చల్లి, ట్యూబ్‌లైటు వెలుగు దానిమీద పడేలా పక్కనుంచి చూడండి. తడిగా ఉన్నంతసేపు మసక మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే లోపం పైపొరలోనే ఉన్నట్టు. స్ప్రే గన్ నుంచి వచ్చిన పొడి తుంపర్లు, వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) గీతలు, మెరుపు తగ్గిన క్లియర్ ఈ కోవలోకి వస్తాయి. తడిపినా మసక అలాగే ఉంటే అది లోపలిదని అనుమానించాలి. ముట్టుకుంటే గరుకుగా తగిలే తెల్లని చుక్కలైతే, చాలాసార్లు అవి పెయింట్ లోపం కానే కావు. మన బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరనిచ్చిన కార్ల మీద మిగిలే ఉప్పు మరకలవి. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, మెత్తని గుడ్డతో అద్ది, వెంటనే మంచినీళ్లతో కడిగేస్తే పోతాయి.

ఇక లోపలి మసక సంగతి. పెయింట్ డబ్బాల మీద రాసే ఆరుదల సమయాలను సాధారణంగా 20 డిగ్రీల వేడికి లెక్కగడతారు. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటుతాయి. అంత వేడిలో త్వరగా ఆరే థిన్నర్ కలిపి, కోటుకూ కోటుకూ మధ్య తగిన వ్యవధి ఇవ్వకుండా మందంగా కొడితే, పైపొర ముందే బిగుసుకుపోయి లోపలి థిన్నర్ అక్కడే చిక్కుకుంటుంది. ఆ తర్వాత అది రోజుల తరబడి మెల్లగా బయటికి వస్తూ, వస్తూ మెరుపును చంపేస్తుంది. షెడ్డు నుంచి తెచ్చిన రోజు బాగున్న కారు వారానికి డల్ అయ్యేది ఇందుకే. వేసవిలో నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడమని, తెల్లవారుజామునో సాయంత్రమో పని పెట్టుకోమని పెయింటర్‌ను ముందే అడగడం మేలు.

తేమ వల్ల వచ్చే తెల్లదనం వేరు. థిన్నర్ ఆవిరవుతున్నప్పుడు రేకు చల్లబడుతుంది. గాలిలోని తేమ దానిమీద నీరుగా మారి తడి పెయింట్‌లో కలుస్తుంది. వాన తక్కువ పడే సీమ కదా అని ఇక్కడ ఈ విషయాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, అక్టోబరు, నవంబరు ముసుర్లలో తడిగాలి మన షెడ్లలోకీ వస్తుంది. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లను రోజూ వదిలేయకపోతే ఎండాకాలంలో కూడా గొట్టం గుండా తేమ వచ్చి గన్‌లో పడుతుంది.

ఈ రెండింటికీ మొదటి చికిత్స ఆగడమే. కర్మాగారంలో కొత్త బాడీని ఖాళీగా ఉండగానే సాధారణంగా 140 డిగ్రీల ప్రాంతంలో ఓవెన్‌లో ఆరబెడతారు. అన్నీ బిగించిన కారును రిపేరు చేసేటప్పుడు 60 డిగ్రీలను మించి వేడి చేయడం ప్రమాదం, మన ఊళ్ల చిన్న షెడ్లలో ఆ మాత్రం వసతి కూడా ఉండదు. కాబట్టి కారును ఒకటి రెండు వారాలు దుమ్ము పడని చోట ఉంచి, ఉదయపు ఎండ తగలనివ్వండి. డోరు లోపలి అంచు వంటి కనిపించని చోట గోటితో నొక్కితే గుర్తు పడుతోందంటే పెయింట్ ఇంకా పచ్చిగా ఉన్నట్టే. అప్పుడు పాలిష్ చేసినా ఆ మెరుపు నిలవదు.

పెయింట్ గట్టిపడ్డాక మిగిలిన మసకను ముందు చేత్తోనే, సన్నరకం కాంపౌండ్‌తో, అరచేయంత మేర రుద్ది చూడండి. పోతే అక్కడితో ఆగిపోండి. పోకపోతే 2000 నంబరు వాటర్ పేపర్‌ను పావుగంట నీళ్లలో నానబెట్టండి. ఆ నీళ్లకు బోరు నీళ్లకన్నా క్యాన్ నీళ్లు మంచివి, అందులో రెండు చుక్కల కారు షాంపూ వేస్తే పేపర్ జారుతుంది. డోరు అంచులకూ, బాడీ గీతలకూ మాస్కింగ్ టేప్ వేయాలి, ఎందుకంటే క్లియర్ అక్కడే పలుచగా ఉంటుంది. పేపర్‌ను మెత్తని రబ్బరు దిమ్మెకు చుట్టి, బరువు మోపకుండా, ఒకే దిక్కున నాలుగైదు సార్లు నడిపి, నీళ్లు తుడిచి చూడాలి. పేపర్ మీద చేరే గుజ్జు తెల్లగా ఉంటే క్లియర్ అరుగుతోందని అర్థం. అందులో కారు రంగు కనిపించిందంటే వెంటనే చేయి ఆపాలి. క్లియర్ లేకుండా రంగును మాత్రమే వేసే పాత పద్ధతి బండ్లకు ఈ గుర్తు వర్తించదు, వాటి గుజ్జు మొదటినుంచీ రంగుగానే వస్తుంది.

తర్వాత 3000 నంబరుతో అదే పని చేసి, ఫోమ్ ప్యాడ్ బిగించిన బఫింగ్ మెషిన్‌ను నెమ్మదైన వేగంలో, ఒకచోట నిలపకుండా తిప్పాలి. మధ్యమధ్య రేకును అరచేత్తో తాకి చూడండి, చేయి పెట్టలేనంత వేడెక్కితే చల్లారేదాకా ఆపండి. ఎండలో ఈ పని అసలు వద్దు. కాంపౌండ్‌లోని నూనె గీతలను తాత్కాలికంగా కప్పేస్తుంది కాబట్టి, సగం నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే ఫలితాన్ని నమ్మాలి.

ట్రాక్టర్లకూ పాత జీపులకూ ఇంకా వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్‌పై తేమ తెల్లదనం వస్తే పని సులువు. ఆ పెయింట్ తన థిన్నర్‌లో మళ్లీ కరుగుతుంది. పొడి వాతావరణం ఉన్న రోజు రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిపిన థిన్నర్‌ను పలుచగా ఒక తుంపర కొడితే చిక్కుకున్న తేమ బయటికి పోయి రంగు తేరుతుంది. హార్డ్‌నర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి వాడే 2కే, అంటే రెండు భాగాల క్లియర్‌పై ఈ చిట్కా పనిచేయదు.

మెటాలిక్ రంగులో మేఘాల్లా కనిపించే మచ్చలు క్లియర్ కిందివి. రంగు సరిగా ఆరకముందే క్లియర్ కొట్టినా, గన్ దూరం సమంగా లేకపోయినా అవి వస్తాయి. వాటిని ఎంత రుద్దినా లాభం లేదు. ఆ భాగాన్ని గీకి రంగూ క్లియరూ మళ్లీ వేయాలని షెడ్డువారిని అడగండి, పాలిష్ చేసి ఇస్తామంటే ఒప్పుకోకండి. సొంతంగా వేయాలనుకునేవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. 2కే హార్డ్‌నర్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది, దాన్ని గుడ్డ మాస్కు అడ్డుకోలేదు. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకపోతే ఆ పని పెయింటర్‌కే వదిలేయాలి.

మసక పోయాక కూడా దాదాపు రెండు నెలలపాటు వ్యాక్స్, సిరామిక్ కోటింగ్ వంటివి పూయకండి, బండిమీద కవరు బిగించి ఉంచకండి. ఆ రోజుల్లో కారును నీడలో కడిగి, నీళ్లు ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి.