రోమన్ సైనికుడి హెల్మెట్ నకలు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

క్రీ.శ. ఒకటో శతాబ్దపు రోమన్ పదాతి సైనికుడి హెల్మెట్‌కు ఇప్పుడు చేస్తున్న చాలా నకళ్లకు మూలం జర్మనీలోని మైన్జ్-వైసెనౌలో దొరికిన రకం. 1975లో రోమన్ కవచాల పరిశోధకుడు రస్సెల్ రాబిన్సన్ చేసిన వర్గీకరణలో దాని పేరు ‘ఇంపీరియల్ గాలిక్ జి’.

కళ్లమీదికి దిగుతోంది, చెవులు ఒరుసుకుంటున్నాయి, తలెత్తితే మెడరేకు (వెనుక మెడను కాచే రేకు) వీపు కవచానికి తగులుతోంది

ఇవి మూడు సమస్యల్లా కనిపిస్తాయి కానీ కారణం ఒక్కటే: లోపల మెత్త లేదు. అసలు హెల్మెట్లలోని గుడ్డ, తోలు మట్టిలో కుళ్లిపోయాయి, మనకు దొరికింది ఎక్కువగా లోహమే. దాన్ని చూసి చేసిన నకలు కూడా చాలాసార్లు బోసిగానే వస్తుంది. ఇనుము నేరుగా నడినెత్తిన ఆనడంతో మొత్తం కిందికి జారుతుంది. అప్పుడు చెవుల దగ్గరి కోత చెవులకు సరిపోదు. తగిలిన దెబ్బ కూడా నేరుగా పుర్రెకే వెళ్తుంది.

దయచేసి రేకును వంచొద్దు, సుత్తి జోలికి అసలే పోవద్దు. గుడ్డ మడతపెట్టి నడినెత్తిన ఉంచి హెల్మెట్ పెట్టుకోండి. ముందు అంచు కనుబొమల పైకి వచ్చేదాకా ఒక్కో మడత పెంచండి. ఆ మందంలో ఉన్ని ఫెల్ట్‌తో (నేయకుండా ఒత్తి చేసిన దళసరి ఉన్ని గుడ్డతో) టోపీ కుట్టుకుంటే చాలు. జిగురుతో అంటించకండి, చెమట పడితే విప్పి ఆరబెట్టే వీలుండాలి.

కొత్తది కొనేవాళ్లకు ఒక లెక్క: చుట్టూ 1 సెం.మీ. మెత్త వేస్తే చుట్టుకొలత దాదాపు 6 సెం.మీ. పెరుగుతుంది. తల 58 ఉంటే లోపలి కొలత 64 ఉన్నది తీసుకోవాలి. తలకు అతికినట్టు ఉందని మురిసిపోయి కొన్నది తర్వాత ఎందుకూ పనికిరాదు.

పరిగెత్తితే ఊగుతోంది

చెంపరేకులను మాత్రమే గడ్డం కింద కట్టుకుంటే వెనుక భాగం లేస్తుంది. తాళ్లు మెడరేకు కింది రింగుల నుంచి ముందుకు వచ్చి, చెంపరేకుల లోపలి రింగుల గుండా పోయి ముడిపడాలి. రింగులు లేకపోతే పెట్టించుకోండి.

తుప్పు

చెమటలోని ఉప్పే కారణం. తీయగానే పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాయండి. చాలాకాలం దాచేటప్పుడు నూనెకన్నా మైనం మేలు, దుమ్ము పట్టదు.

ఇత్తడి రివెట్ల దగ్గర పచ్చని చిలుము

తోలులోని ఆమ్లాలు, కొవ్వు ఇత్తడిలోని రాగితో కలిసి ఇలా అవుతుంది. పుల్లతో గీకి, గుడ్డతో తుడవండి. తోలుకు నూనె తక్కువగా పెట్టండి. దాచేముందు తోలుతాళ్లు విప్పి వేరుగా ఉంచండి.